ముప్పది దినముల గడువు



గట్టు తగవులో కొడవలి లేచినది. ఒకని చేయి తెగినది. మఱియొకనికి జైలుశిక్ష పడినది. తీర్పు వినినంతనే బంధువులు కన్నీరు తుడుచుకొని, అంతయు దైవాధీనమని యింటిదారి పట్టుదురు. ఈ నిస్పృహ తగదని విన్నవించుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

ఆయుధముతో కొట్టుట స్వల్పాపరాధమని మేము చెప్పబోము. గాయపడినవాని బాధయు బాధయే. అతని గోడు వినుటకై బాధితునికిని కొన్ని సందర్భములలో అప్పీలు హక్కును 2009 నుండి చట్టమే యొసంగినది. అయినను నేరమునకు మించిన శిక్ష న్యాయము గాదు.

భారతీయ న్యాయ సంహిత 118వ విభాగము ననుసరించి, ఆయుధముచే సామాన్యగాయము చేసినవానికి 3 సంవత్సరముల వఱకు ఖైదు విధింపవచ్చును. గాయము తీవ్రమైనదైనచో 1 సంవత్సరమునకు తగ్గకుండ 10 సంవత్సరముల వఱకు, లేదా యావజ్జీవము. 2024 జూలై 1వ తేదీకి పూర్వము జరిగిన నేరములకు పాత శిక్షాస్మృతియే ప్రమాణము. ఎముక విరిగెనా, కొత్త సంహిత చెప్పినట్లు 15 దినములు తీవ్రబాధ కలిగెనా యను ప్రశ్నలపై ఒక మనుష్యుని యేండ్లు ఆధారపడి యున్నవి. వైద్యుని పత్రమునకును సాక్షుల మాటలకును పొత్తు కుదరనిచో, ఆత్మరక్షణ వాదమును క్రింది కోర్టు తూచనిచో, ఆ తీర్పు మరల పరీక్షకు నిలువవలయును. ఆ పరీక్షయే అప్పీలు.

ఇది యొకరి కటాక్షము గాదు, శాసనదత్తమైన హక్కు. మేజిస్ట్రేటు విధించిన శిక్షపై సెషన్సు కోర్టుకు 30 దినములలోను, సెషన్సు కోర్టు విధించిన శిక్షపై హైకోర్టుకు 60 దినములలోను అప్పీలు చేయవలయును. తీర్పు నకలు పొందుటకు పట్టిన కాలము ఈ గడువులో చేరదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింపవచ్చును గాని, ఆ మన్నింపును నమ్ముకొని కూర్చుండుట వివేకము గాదు.

అప్పీలు వేసినంతనే జైలు తలుపు తెఱచుకొనదు. శిక్ష నిలుపుదలకును జామీనుకును వేఱుగా అర్జీ పెట్టుకొనవలయును. అప్పీలు చేసిన శిక్ష పెరుగునను భయము పల్లెలలో గలదు. ముద్దాయి తానై వేసిన అప్పీలునందు శిక్షను పెంచుటకు చట్టము వీలీయదు.

ధనము లేదందురా? ఖైదు శిక్ష పడినవానికి తీర్పు నకలు ఉచితముగా నీయవలయును. జైలులో నున్నవాడు జైలు అధికారి ద్వారమున అప్పీలు పంపుకొనవచ్చును. బీదఖైదీకి నకలును, న్యాయవాది సహాయమును కల్పింపవలసినదని 1978లో హోస్కాట్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము నిర్బంధములో నున్నవానిని, ఆదాయముతో నిమిత్తము లేకయే, ఉచిత న్యాయసహాయమునకు అర్హునిగా చేసినది.

హక్కులు గ్రంథములలో నున్నవి. దినములు మాత్రము జైలుగోడల నడుమ గడచిపోవుచున్నవి. తీర్పు నాడు ఏడ్చుటకు నలుగురుందురు. తేదీ వ్రాసికొని, నకలుకు అర్జీ పెట్టి, న్యాయసేవా కార్యాలయమునకు నడచువా డొక్కడు నుండడు. ఆ యొక్కరు మీలోనుండి రావలయునని వేడుకొనుచున్నాము.