తలకు దెబ్బ తగిలాక మందులు: ఏది ఎందుకు, ఎన్నాళ్ళు?



తలకు పెద్ద దెబ్బ తగిలి, ప్రాణం దక్కి ఇల్లు చేరిన మనిషి కోసం ఇంటిల్లిపాదీ వెతికేది ఒకటే: మెదడును త్వరగా బాగుచేసే మందు. బళ్ళారి అయినా, హోసూరు అయినా, రాయగడ అయినా ఆ ఆత్రుత ఒకటే. అయితే, దెబ్బతిన్న మెదడును మళ్ళీ మునుపటిలా చేసే మాత్ర ఇంతవరకు లేదు. ఉన్న మందులు ఒక్కొక్కటీ ఒక్కొక్క పనికి మాత్రమే.

మొదటిది, రక్తస్రావాన్ని అరికట్టే ట్రానెక్సామిక్ ఆమ్లం. దెబ్బ తగిలిన 3 గంటల లోపల దీన్ని ఇస్తే, గాయం మరీ తీవ్రం కానివారిలో మరణాలు తగ్గాయని 2019లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన తెలిపింది. అందుకే నాటువైద్యం, దిష్టి తీయడం అంటూ ఆ గంటలు పోగొట్టుకోకూడదు.

రెండవది, ఫిట్స్ మందు. ఫెనిటాయిన్ మొదటి వారంలో వచ్చే ఫిట్స్‌ను తగ్గిస్తుందనీ, ఆ తర్వాత వచ్చేవాటిని ముందుగా నివారించలేదనీ 1990లో తేలింది. కనుక ఫిట్స్ రానివారికి సాధారణంగా వారం రోజులు చాలు. వచ్చినవారి సంగతి వేరు. "ఈమధ్య రావడం లేదు కదా" అని మాత్ర హఠాత్తుగా మానేస్తే మూర్ఛ తిరగబెట్టవచ్చు. అది పొయ్యి దగ్గరో, బావి గట్టునో వస్తే ప్రాణాపాయం.

మూడవది, అమాంటడిన్. తీవ్ర గాయంతో తెలివి సరిగా రాని 184 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు 2012లో వచ్చాయి. మందు వాడిన నాలుగు వారాలూ వాళ్ళు వేగంగా కోలుకున్నారు. ఆపాక ఆ వేగం తగ్గింది. ఇది నిపుణులే నిర్ణయించవలసిన మందు.

ఇక మెదడుకు బలమని చాలామంది కొనే సిటికోలిన్. 1213 మందితో జరిగిన పరిశోధనలో 90 రోజులు వాడి చూసినా అదనపు మేలు కనిపించలేదని 2012లోనే ప్రకటించారు. దానికోసం అప్పు చేయకండి. ఆ డబ్బు నడక, మాట, జ్ఞాపకం తిరిగి నేర్పే శిక్షణకు వినియోగించండి. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు డాక్టరు ఒక భాషలో చెబుతారు, చీటీ మరో భాషలో ఉంటుంది. కనుక ప్రతి మాత్రకూ రెండు ప్రశ్నలు అడగండి: ఇది ఎందుకు? ఎన్నాళ్ళు? జవాబును తెలుగులో రాసి, స్కాన్ కాగితాలతోపాటు భద్రపరచండి. ఇంట్లో మాత్రలు అందించే తల్లికో, భార్యకో ఆ కాగితమే ఆధారం.