వీధి వ్యాపారుల చట్టంలో మన వాటా ఎంత?



చెప్పులు కుట్టే అన్నలు, ఎండుచేపల గంప పెట్టుకునే అక్కలు, తోపుడు బండ్ల తమ్ముళ్లు ఈ సభకు వచ్చారు. సాయంత్రం బేరం వదులుకుని వచ్చారు కాబట్టి నేను ఒక్క విషయమే మాట్లాడతాను. 2014 వీధి వ్యాపారుల చట్టం మనకు హక్కు ఇచ్చింది. ఆ హక్కును నడిపే కమిటీలో ఎస్సీ, ఎస్టీల వాటా ఎంతో మాత్రం రాయలేదు.

ఈ చట్టం ఎవరి దయ వల్లా రాలేదు. సహేతుకమైన ఆంక్షలకు లోబడి వీధిలో అమ్ముకోవడం కూడా 19(1)(జి) అధికరణ కింద హక్కేనని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాతికేళ్లకు చట్టం వచ్చింది. సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఉన్నవారిని కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను పట్టుకెళ్తే జాబితా రాసివ్వాలి. రుసుము కట్టి అడిగితే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మీలో ఎంతమందికి ఆ జాబితా కాగితం చేతికొచ్చింది?

ఎక్కడ అమ్మాలో, ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో చూసేది టౌన్ వెండింగ్ కమిటీ. దానికి అధ్యక్షుడు మునిసిపల్ కమిషనర్. వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. వారిలో మూడోవంతు మహిళలు. ఇది లెక్క. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగుల దగ్గరికొచ్చేసరికి చట్టం 'తగిన ప్రాతినిధ్యం' అని ఊరుకుంది. తగిన అంటే ఎంత? మీ బండి దగ్గర ఎవరైనా 'తగినన్ని టమాటాలివ్వు' అంటారా? కిలో అంటారు, అరకిలో అంటారు.

ఈ తూకం ఎందుకు కావాలంటే, వీధిలో కూడా కులం, మతం ఉన్నాయి. 2021 నవంబరులో అహ్మదాబాద్, రాజ్‌కోట్, వడోదరలలో గుడ్లు, మాంసం అమ్మే బండ్లను ప్రధాన రోడ్ల మీది నుంచి తీయించే పని పెట్టుకున్నారు. జనం ఏం తినాలో మీరెలా నిర్ణయిస్తారని గుజరాత్ హైకోర్టు అహ్మదాబాద్ కార్పొరేషన్‌ను నిలదీసింది. 2024లో కావడి యాత్ర దారిలో తిండి అమ్మేవాళ్లు యజమానుల పేర్లు రాసిపెట్టాలని ఉత్తరప్రదేశ్‌లో ఆదేశాలొచ్చాయి. సుప్రీంకోర్టు ఆపింది. మన దేశంలో పేరు అడిగితే మతం అడిగినట్టే, చాలాసార్లు కులం అడిగినట్టే. ప్రతి ఊరి బండివాడూ సుప్రీంకోర్టుకు వెళ్లలేడు. కమిటీలో అడ్డుచెప్పే మనిషి ఉండాలి.

మహద్ సంగతి మీకు తెలుసు. చవదార్ చెరువు అందరిదని అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి నీళ్లు ముట్టేదాకా ఆ తీర్మానం కాగితంగానే ఉంది. అదే ఏడాది ఆగస్టులో మునిసిపాలిటీ దాన్ని రద్దు చేసింది. 1937లో హైకోర్టు తీర్పు వచ్చేదాకా కొట్లాడాల్సి వచ్చింది. మనవాళ్లు లేని చోట ఒక తీర్మానంతో ఇచ్చింది ఇంకో తీర్మానంతో తీసేసుకుంటారు. బాబాసాహెబ్ సీట్లు, సంఖ్యలు అంటూ జీవితమంతా పట్టుబట్టింది అందుకే.

కాబట్టి మూడు పనులు చేద్దాం. ఈ చట్టం కింద నిబంధనలు రాసేది రాష్ట్ర ప్రభుత్వం. వాటిలో ఎస్సీ, ఎస్టీల సీట్ల సంఖ్య రాయమని అడుగుదాం. రెండు, సర్వేకు వచ్చినప్పుడు చెప్పులు కుట్టేవాళ్ల పేర్లు, గంప ఎత్తుకుని తిరిగేవాళ్ల పేర్లు పడ్డాయో లేదో చూద్దాం. సేవలు చేసేవాళ్లు, తిరిగి అమ్మేవాళ్లు కూడా వీధి వ్యాపారులేనని చట్టంలోనే ఉంది. మూడు, కమిటీ ఎన్నికల్లో పోటీ చేద్దాం. ఎన్నికలే పెట్టని ఊళ్లో ఎందుకు పెట్టలేదని సమాచార హక్కు కింద దరఖాస్తు వేద్దాం.

దరఖాస్తు రాయడం రాదనుకునేవాళ్లు సభ అయ్యాక ఆగండి. ఇక్కడే కూర్చుని రాద్దాం.

జై భీమ్.