ఎదిగిన పిల్లలకు చదవడం నేర్పుదాం

(సాక్షరతా కేంద్రంలో ఒక టీచరమ్మ మాట్లాడిన మాటలు)

అమ్మలారా, అక్కలారా,

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. బస్సు బోర్డు మీద ఈ పేర్లు ఇప్పుడు మీరే చదువుకుంటున్నారు. ఇదివరకు పక్కవాళ్ళను అడిగేవాళ్ళు. అడగాలంటే ఎంత సిగ్గయ్యేదో మీకే ఎరుక.

ఆ సిగ్గు మన ఇళ్ళల్లో ఇంకా కొందరికి ఉంది. ఎవరికో తెలుసా? ఏడు, ఎనిమిది తరగతులు చదివే మన పిల్లల్లో కొందరికి.

నమ్మరా? నేనూ మొదట నమ్మలేదు. టీచర్ ట్రైనింగ్ చేసి, పిల్లలకు చదువు చెప్పబోయాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు ఉండేవాడు. నోట్సు ముత్యాల్లాగా రాసేవాడు. ఒకరోజు "లేచి పాఠం చదువు" అన్నాను. లేచాడు. నోరు విప్పలేదు. "ఇంత ఎదిగినవు, చదవడం రాదా?" అని అందరి ముందు అన్నాను. మర్నాటి నుంచి బడికి రాలేదు. పత్తి ఏరబోయాడు.

తప్పు నాది. వాడు బోర్డు మీది అక్షరాలు చూసి బొమ్మల్లాగా దింపుకుంటున్నాడు. అది నేను కనిపెట్టలేదు. నాకు పాఠం చెప్పడం వచ్చు. ఎదిగిన పిల్లలకు చదవడం నేర్పడం రాదు.

తర్వాత ఒక శిక్షణకు పోయాను. అక్కడ మా టీచర్లందరికీ తమిళం కాగితం ఇచ్చి "చదవండి" అన్నారు. ఒక్కరికీ రాలేదు. అందరం తల వంచుకున్నాం. నాకు ఆ పిల్లవాడు యాదికొచ్చాడు.

అక్కడ నేర్చుకున్న మూడు మాటలు మీకు చెబుతాను.

ఒకటి. పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో చూడాలి. 'కోదాడ' అని రాయండి. అందులో ఒత్తు లేదు. చదువుతారు. 'సూర్యాపేట' అని రాయండి. 'ర్యా' దగ్గర ఆగితే, రానిది ఒత్తు ఒక్కటే. అది నేర్పితే 'మిర్యాలగూడ' కూడా వస్తుంది. అందులోనూ అదే 'ర్యా' ఉంది.

రెండు. వయసుకు తగిన మాటలు కావాలి. పదమూడేళ్ళ పిల్లకు చిన్నపిల్లల పుస్తకం ఇస్తే సిగ్గుపడుతుంది. బస్సు బోర్డు, విత్తనాల సంచి, పేపర్లో ఆటల వార్త ఇవ్వాలి. నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి విన్నారా? 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు చదివిన వాచకంలో సారా గురించి పాఠం ఉంది. అది వాళ్ళ ఇంటి బాధ. అందుకే మనసుకు పట్టింది. ఊళ్ళో సారా ఆపించారు.

మూడు. చదివినాక అర్థం అడగాలి. గడగడా చదివి, ఏమీ తెలియని పిల్లలూ ఉన్నారు. "ఏం చదివినవు? నీ మాటల్లో చెప్పు" అనాలి.

ఇది టీచర్ల పని కాదా అంటారేమో. అవును, టీచర్ల పనే. విద్యా హక్కు చట్టం 2010 నుంచి అమలులో ఉంది. బడి మానిన బిడ్డ తిరిగి వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. వెనకబడిన చదువు విడిగా నేర్పాలి. 2023లో తెలంగాణ ప్రభుత్వం 6 నుంచి 9 తరగతుల పిల్లల కోసం 'ఉన్నతి' అనే కార్యక్రమం పెట్టింది. దాని కోసం టీచర్లకు శిక్షణ ఇచ్చింది. కాబట్టి బడికి పోయి ధైర్యంగా అడగండి: "మా బిడ్డ చదవగలుగుతున్నాడా? ఎక్కడ ఆగుతున్నాడు?"

ఇంట్లో మీరు కూడా సాయం చేయగలరు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకోవడం ఎంత కష్టమో మీకంటే ఎవరికి తెలుసు?

శిక్షణ అయినాక ఆ పిల్లవాడి ఇంటికి పోయాను. "నాదే తప్పు బాబూ" అన్నాను. వాడు పలకలేదు. వాళ్ళమ్మ పలికింది. "నాకూ రాదు మేడమ్. ఇద్దరికీ కలిపి చెప్పు" అంది. రోజూ పొయ్యి మీద అన్నం ఉడికేంత సేపు ముగ్గురం కూర్చున్నాం. తల్లి ముందు నేర్చుకుంటే కొడుకు సిగ్గు పోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ బడికి పోయాడు. ఇప్పటికీ మెల్లగానే చదువుతాడు. కానీ ఆగిన చోట అడుగుతాడు.

ఈ రాత్రి మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. నాలుగు వాక్యాలు చదివించండి. ఆగితే తిట్టకండి. ఎక్కడ ఆగారో గుర్తు పెట్టుకోండి.

సెలవు.

ఆలోచించండి:
పిల్లవాడు బడి ఎందుకు మానేశాడు?
మీ ఊళ్ళో ఇట్లాంటి పిల్లలు ఉన్నారా? వాళ్ళకు మీరేం చేస్తారు?