బకెట్ ఒకడి దగ్గర, మగ్గు ఇంకొకడి దగ్గర: కెర్నల్‌లో డెడ్‌లాక్

ఫోన్ ఒక్కసారిగా ఫ్రీజ్ అవుతుంది. టచ్ పని చేయదు. కాసేపటికి దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. దీనికి చాలా కారణాలు ఉండొచ్చు, అందులో ఒకటి డెడ్‌లాక్. ఆండ్రాయిడ్ అడుగున నడిచేది లినక్స్ కెర్నలే కాబట్టి, ఈ రోజు దాని లోపలికి వెళ్దాం.

హాస్టల్లో ఉన్నవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఉన్నది ఒకే బకెట్, ఒకే మగ్గు. ఒకడు బకెట్ పట్టుకుని మగ్గు కోసం నిలబడ్డాడు. ఇంకొకడు మగ్గు పట్టుకుని బకెట్ కోసం చూస్తున్నాడు. ఎవడూ వదలడు. ఇద్దరికీ స్నానం లేదు! కెర్నల్‌లో వీటి బదులు రెండు లాకులు ఉంటాయి. ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా పెట్టుకున్నవే అవి. ఒక థ్రెడ్ ఏ తీసుకుని బీ అడుగుతుంది, ఇంకోటి బీ తీసుకుని ఏ అడుగుతుంది. అంతే, ఇద్దరూ అక్కడే.

మందు తెలిసిందే: ఎవరైనా సరే ముందు బకెట్, తర్వాతే మగ్గు. కానీ లక్షల లైన్ల కోడ్‌లో ఎవరు ఏ ఆర్డర్‌లో తీసుకుంటున్నారో తెలియాలి కదా. పైగా ఏ ఫంక్షన్‌కి ఆ ఫంక్షన్ చూస్తే కరెక్ట్‌గానే కనిపిస్తుంది.

నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఒక డ్రైవర్‌లో ఇదే జరిగింది. డేటా పంపే దారిలో ముందు డివైస్ లాక్, తర్వాత లిస్ట్ లాక్. డివైస్ తీసేసే దారిలో ఉల్టా. బోర్డు ఎప్పుడో ఒకసారి హ్యాంగ్ అయ్యేది. నేనేం చేశానంటే, తీసేసే దారిలో లిస్ట్ లాక్ మధ్యలో వదిలేసి, డివైస్ పని చూసుకుని, మళ్లీ లిస్ట్ లాక్ పట్టుకున్నా. హ్యాంగ్ పోయింది. నేను హీరో అనుకున్నా. రెండు వారాలకి క్రాష్‌లు మొదలయ్యాయి. సీనియర్ కోడ్ చూసి ఒక్కటే అడిగారు: "నువ్వు లాక్ వదిలిన ఆ గ్యాప్‌లో లిస్ట్ మారదని నీకెవరు చెప్పారు?" నిజమే. ఆ గ్యాప్‌లో ఇంకో థ్రెడ్ వచ్చి, నేను చూస్తున్న ఆబ్జెక్ట్‌నే ఫ్రీ చేసేసింది. హ్యాంగ్ అయితే కనీసం కనిపిస్తుంది. మెమరీ పాడైతే ఎక్కడ పేలుతుందో తెలీదు. అంటే నా ఫిక్స్, బగ్ కంటే ఘోరం.

సరైన ఫిక్స్ ఏంటంటే, లిస్ట్ లాక్ చేతిలో ఉండగానే ఆ ఆబ్జెక్ట్‌ని లిస్ట్ నుంచి విడదీసి, రెఫరెన్స్ కౌంట్ ఒకటి పెంచాలి. అప్పుడు లాక్ వదిలి, బయట డివైస్ లాక్ తీసుకోవాలి. ఆ దారిలో రెండు లాకులూ ఒకేసారి చేతిలో ఉండే అవసరమే రాదు.

ఇలాంటివి ముందే పట్టుకోవడానికి కెర్నల్‌లోనే ఒక టూల్ ఉంది, పేరు లాక్‌డెప్. 2006లో ఇంగో మోల్నార్ తెచ్చారు. నాకు దీంట్లో బాగా నచ్చేది ఏంటంటే, డెడ్‌లాక్ జరిగేదాకా అది ఆగదు. ఏ లాక్ పట్టుకుని ఉండగా ఏ లాక్ అడిగారో రాసుకుంటూ పోతుంది. పొద్దున ఏ తర్వాత బీ, సాయంత్రం బీ తర్వాత ఏ అడిగితే చాలు, వార్నింగ్ వచ్చేస్తుంది. రెండూ ఒకే క్షణంలో ఢీకొనక్కర్లేదు. స్లో అవుతుంది కాబట్టి దీన్ని టెస్టింగ్ కెర్నల్‌లోనే ఆన్ చేస్తారు.

మరి రెండు లాకులూ ఒకే రకం అయితే? ఉదాహరణకి రెండు ఫైళ్లని కలిపి లాక్ చేయాలి. అప్పుడు కెర్నల్ వాటి మెమరీ అడ్రస్ చూసి, చిన్నది ముందు తీసుకుంటుంది. సింపుల్!

ఒంటరిగా కూడా ఇరుక్కోవచ్చు. సీపీయూ ఒక స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా అదే సీపీయూ మీద ఇంటరప్ట్ వచ్చి, దాని హ్యాండ్లర్ అదే లాక్ అడిగిందనుకోండి. వదలాల్సింది కూడా తనే, ఎదురుచూసేది కూడా తనే. అందుకే అలాంటి చోట ఇంటరప్ట్‌లు ఆపి మరీ లాక్ తీసుకుంటారు.

ట్రై చేసేవాళ్లకి ఒక మాట. లాక్‌డెప్ మొదటి రిపోర్ట్ ఇచ్చాక తనను తానే ఆఫ్ చేసుకుంటుంది. లాగ్‌లో ఒక్కటే వార్నింగ్ ఉంది కాబట్టి ఒక్కటే బగ్ అనుకోవద్దు. ఫిక్స్ చేసి, రీబూట్ చేసి, మళ్లీ చూడండి. ఓకే, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.