కాలు తగిలితే ఏమవుతుంది?
(వాడల యువకుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

భూమి గురించీ, కూలి గురించీ, ఉద్యోగాల గురించీ మాట్లాడుకోవాల్సిన సభలో ఫుట్‌బాల్ ఆట సంగతి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. బంతి కడుపు నింపుతుందా అని అడగవచ్చు. నింపదు. మనిషి పక్కన మనిషి కూచునే హక్కు కూడా కడుపు నింపదు. కాని దానికోసం మనవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మేం నలుగురం, అంటే ఇద్దరు బడి పంతుళ్ళం, ఇద్దరు వాడ కుర్రాళ్ళు, కేరళలోని మలప్పురం జిల్లాకు పోయాం. చెన్నై మీదుగా షొరనూరు దాకా రైలు, అక్కడినుంచి బస్సు. ఏ గుడికీ పోలేదు, ఏ పడవా ఎక్కలేదు. అక్కడి పంతులు మిత్రుడొకాయన పిలిస్తే, ఒక చిన్న ఊరి క్లబ్బు ఆడే ఆట చూడ్డానికి పోయాం. ఆట కోసం ఇంతదూరం పోతారా అని ఇంట్లోవాళ్ళే నవ్వారు.

అక్కడ ఆడేదాన్ని 'సెవెన్స్' అంటారు. జట్టుకు పదకొండు మంది కాదు, ఏడుగురే. వానలు పోయాక నవంబరు నుంచి మే దాకా ఊరూరా టోర్నమెంట్లే. కోత కోసిన మడిలో కొయ్యకాళ్ళు చదును చేసి, పోక మాన్లూ వెదురు బొంగులూ కట్టి మెట్లు మెట్లుగా గ్యాలరీ లేపుతారు. రాత్రిపూట పెద్ద దీపాల కింద ఆట. చూడ్డానికి టికెట్టు ఉంటుంది. మిగిలిన డబ్బును చాలా ఊళ్ళలో మంచాన పడ్డ రోగుల వైద్యానికీ, ఇల్లు లేనివాళ్ళ ఇంటికీ ఇస్తారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఈ ఆటను గుర్తించదు. జనం గుర్తించారు, అంతే చాలు.

మేం గ్యాలరీ మధ్యలో ఇరుక్కుని కూచున్నాం. ముందు వరుసవాడి వీపుకు మా మోకాళ్ళు, మా వీపులకు వెనకవాళ్ళ మోకాళ్ళు. గోలు పడగానే వెనకనున్నవాడు ఎగిరాడు, వాడి కాలు మా కుర్రాడి భుజానికి గట్టిగా తగిలింది. మేం ఉలిక్కిపడి చూశాం. వాడు మావాడి భుజం తట్టి, జేబులోంచి పల్లీల పొట్లం తీసి చేతిలో పెట్టి, మళ్ళీ ఆటలో పడిపోయాడు. మావాడూ పడిపోయాడు. ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఏ వాళ్ళు అని ఎవరూ అడగలేదు.

మేమెందుకు ఉలిక్కిపడ్డామో ఇక్కడున్న మీకు చెప్పక్కరలేదు. 1991 జూలైలో చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు ముందు కుర్చీలో కూచున్న పెద్దకులం కుర్రాడికి తగిలింది. తగిలింది కాలే. దానికి వెలివేశారు, పనుల్లోంచి తీసేశారు, ఆగస్టు 6న ఎనిమిది మందిని వేటాడి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. టికెట్టు కొన్నవాళ్ళందరికీ ఒకే బొమ్మ చూపించే హాలు గదా అది! కాని మన ఊళ్ళలో టికెట్టుకన్నా కులం ముందు తిరుగుతుంది.

అయితే కేరళ స్వర్గమనుకుని తిరిగొచ్చామనుకోకండి. చూడబోయినవాడు ఆట ఒక్కటే చూసి రాకూడదు, ఆట కింద నేల కూడా చూడాలి. ఆ మడి ఎవరిది? అక్కడ 1970 జనవరి 1 నుంచి కౌలు పద్ధతి పోయింది, కౌలుదారులకు భూమి వచ్చింది. మడిలో దిగి నాట్లేసి కోతకోసిన దళిత కూలీలకు వచ్చింది మాత్రం గుడిసె ఉన్న జాగా, పల్లెల్లో పది సెంట్ల దాకా. పది సెంట్లలో ఇల్లే కట్టుకుంటారా, పిల్లలు ఆడుకుంటారా? తాతలు దున్నిన మడిలో మనవలు కోతలయ్యాక నాలుగు నెలలు బంతి ఆడుకోవడమే వాళ్ళకు దక్కిన భూసంస్కరణ.

ఆ రాష్ట్రం నుంచే ఐ.ఎం. విజయన్ వచ్చాడు. 1969లో త్రిసూరులో పుట్టిన దళిత బిడ్డ. స్టేడియంలో సోడాలమ్మిన పిల్లవాడు అదే స్టేడియంలో ఆడి, కేరళ పోలీసు జట్టులో చేరి, భారత జట్టుకు కెప్టెనయ్యాడు. 2003లో అర్జున అవార్డు, 2025లో పద్మశ్రీ. బయట సోడా అమ్మేవాడికి లోపల ఆడే దారి దొరికితే ఏమవుతుందో ఆయన చూపించాడు. దారి దొరకని విజయన్లు ఎందరో ఎవరు లెక్కపెట్టారు?

ఇంకో సంగతి కూడా చెప్పాలి. సెవెన్స్ ఆడ్డానికి ఘనా, నైజీరియా, ఐవరీ కోస్ట్ నుంచి కుర్రాళ్ళు వస్తారు. ఏ దేశంవాడైనా, నల్లవాడైతే గ్యాలరీకి 'సుడానీ'యే. ప్రేమగానే అంటారట. ప్రేమతోనైనా సరే, పేరున్న మనిషిని పేరు తీసేసి పిలవడం ఎట్లా ఉంటుందో మనకు తెలియదా? మన తాతలకు పేర్లు లేకనా కులం పేరుతో కేకేశారు? 2024 మార్చిలో అదే జిల్లా అరీకోడ్ దగ్గర ఐవరీ కోస్ట్ ఆటగాడు దైరసౌబా హసన్ జూనియర్‌ను కార్నర్ కిక్ కొట్టబోతుంటే రంగు పేరుతో తిట్టారు, కోతి అన్నారు, తరిమి కొట్టారు. ఆయన ఊరుకోలేదు, జిల్లా పోలీసు అధికారికి ఫిర్యాదు చేశాడు. ఆ ధైర్యానికి ఈ సభనుంచి జై భీమ్ చెబుతున్నాం.

కనుక అర్థం చేసుకోవాల్సిందేమిటి? గ్యాలరీలో పక్కపక్కన కూచున్నంత మాత్రాన సమానత్వం రాదు. కూచునే చోట కాలు తగిలినా గొడవ కాకూడదు, ఆడేచోట రంగూ కులమూ గుర్తుకు రాకూడదు. రెండూ కావాలి. పైగా ఆ గ్యాలరీలో ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య అదే కేరళలో గోకులం క్లబ్బుకు ఆడింది, భారత జట్టుకూ ఆడింది. ఆడే ఆడపిల్లలు ఉన్నారు. చూసేచోటే వాళ్ళకు జాగా లేదు.

ఆట అయ్యాక క్లబ్బు లెక్కలు చూసే పెద్దాయన టీ ఇప్పించాడు. అక్కడ పంతుల్ని 'మాషే' అంటారు. "మాషే, మీ ఊళ్ళో క్లబ్బు ఉందా?" అని అడిగాడు. మా కుర్రాడే జవాబు చెప్పాడు: "బడికి గ్రౌండు ఉంది సార్. సాయంత్రం తాళం వేస్తారు. తాళంచెవి ఊళ్ళో ఉంటుంది, వాడలో ఉండదు."

అదండీ మన ఆట పరిస్థితి! ఈ నేలమీద ఆట లేక కాదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారు పతకానికీ తీసుకుపోయిన సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదువాడు, మాలాగే బడి పంతులు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన పేదవాడు. కాళ్ళున్నాయి, ఊపిరి ఉంది. తాళంచెవే మన దగ్గర లేదు.

బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చదవండి. బావులు, చెరువులు, రోడ్లతోపాటు వినోద స్థలాల్లోకి పోవడానికి కూడా కులం అడ్డురాకూడదని ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. చెరువు నీళ్ళకోసం అడిగినట్టే ఆటస్థలం కోసం కూడా అడగాలి.

ప్రతి వాడలోనూ ఒక క్లబ్బు పెట్టండి. ఒక బంతి కొనండి, చందాల లెక్క గోడమీద రాయండి. కమిటీలో సగం మంది ఆడపిల్లలుండాలి. ఊరి పిల్లలు వస్తామంటే రమ్మనండి, కాని తాళంచెవి కమిటీ చేతిలోనే ఉండాలి. ఆటలో ఎవరినీ కులం పేరుతో, రంగు పేరుతో పిలవకూడదన్నదే మొదటి నియమం. పిలిచినవాడు ఏ కులంవాడైనా, మనవాడైనా, ఆరోజు బయట కూచోవాల్సిందే.

వచ్చే సోమవారం మన బడి గ్రౌండు తాళం గురించి పంచాయతీకి అర్జీ ఇస్తున్నాం. సంతకాలకు కాగితం ఇక్కడ బల్లమీద ఉంది. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయండి, పిల్లలు పేరు రాయండి.

జై భీమ్!