వేటకు వెళ్లని నాన్న



మేము ఏజెన్సీలో ఆడపిల్లల హాస్టల్ చూసుకునేవాళ్లం. చైత్రంలో ఇటుకల పండగంటే పిల్లలను ఆపలేం. ఒక ఎనిమిదో తరగతి పిల్ల మాత్రం ఇంటికి వెళ్లనంది. "మా నాన్న వేటకి రాడు మేడమ్. అందరూ పిరికోడంటారు" అని ఏడ్చింది. ఆ నాన్న పదిహేడేళ్లు సైన్యంలో చేసి వచ్చిన మనిషి. తల్లిదండ్రుల సమావేశంలో గోడవైపు తిరిగి కూర్చుంటే, తాగి వచ్చాడేమో అనుకున్నాం. అది మా తప్పు.

తర్వాత అతని భార్య చెప్పింది. వాళ్లిద్దరి అనుమతితోనే ఇక్కడ చెబుతున్నాం. "సరిహద్దులో ఒకణ్ణి కాల్చాడంట మేడమ్. తెల్లారి చూస్తే మా పెద్దోడి వయసు. ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా ఆ పాపమే తగిలిందంటాడు. ఆ జీతంతోనే కదా ఇల్లు కట్టాం, నాకూ అందులో వాటా ఉన్నట్టే ఉంటాది."

ఆ వాటా మాటకు మా దగ్గర జవాబు లేదు. డాక్టరుకు చూపించమన్నాం, చూపించారు. నిద్ర కొంత కుదిరింది. పాపం అన్న మాట పోలేదు.

అప్పుడు మాకు అమెరికాలోని నవాహో గిరిజనులు గుర్తొచ్చారు. 1942లో 29 మంది నవాహో యువకులు తమ భాషతో సైన్యానికి రహస్య సంకేతాలు తయారుచేశారు. వాళ్లలో చెస్టర్ నెజ్ ఒకరు. చిన్నప్పుడు ఇదే భాష మాట్లాడినందుకు హాస్టల్ బడిలో ఆయన్ని శిక్షించారు (వార్డెన్లం కదా, ఆ సంగతి మాకు గుచ్చుకుంది). యుద్ధం నుంచి వచ్చాక చనిపోయిన జపాన్ సైనికులు ఆయనకు కలలో కనబడేవారు. ఇంటివాళ్లు ఆయన్ని తప్పుపట్టలేదు, పిచ్చి అనలేదు. 'ఎనిమీ వే' అనే తమ పాత క్రతువు చేయించారు. చుట్టాలంతా చేరి, రోజుల తరబడి పాడి, వంట చేసి, చచ్చినవాడి నీడ నుంచి బతికినవాణ్ణి విడిపించే క్రతువు అది. ఆ బరువును ఒక్కడి మీద వదలరు.

వాళ్ల క్రతువు మనం తెచ్చుకోలేం, తెచ్చుకోకూడదు కూడా. అందుకే ఆ దంపతులతో వాళ్ల ఊరి దిసారి దగ్గరకే వెళ్లాం. ఆ ముసలాయన చాలాసేపు మాట్లాడలేదు.

"వాడి పేరు తెలుసా?" అన్నాడు.

"తెలీదు తాతా."

"జీతానికి యుద్ధం చేసొచ్చినోడికి ఏం చెయ్యాలో మనోళ్లు నాకు చెప్పలేదు. పేరు లేనోడికి అన్నం పెట్టొద్దని కూడా ఎవరూ చెప్పలేదు."

ఈ ఏడు పండక్కి వాళ్లింట్లో పెద్దలకు పెట్టే అన్నం పక్కన ఇంకో ఆకు వేశారు. అతను ఇప్పటికీ వేటకు వెళ్లడు. పిల్ల మాత్రం ఇంటికెళ్లింది. అడ్డాకులు కోసి ఆ విస్తరి కుట్టింది తనేనని, తిరిగొచ్చాక మాకు చెప్పింది.