పాత బెంజి కారులో తెలియని మీటలు

గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు వైపు సెకండ్ హ్యాండ్‌లో పాత బెంజి కారు కొనాలనుకునేవారికి నాలుగు మాటలు. మెర్సిడెస్-బెంజ్ 1995లో పుణెలో కార్ల తయారీ మొదలుపెట్టింది. అప్పటి ఈ-క్లాస్ కార్లలోనూ, ఆ తర్వాతి తరం వాటిలోనూ మనకు అలవాటు లేని స్విచ్‌లు కొన్ని ఉంటాయి.

ఎండాకాలంలో ఏసీ చల్లగా రావడం లేదా? గ్యాస్ అయిపోయిందని మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు 'ఈసీ' అని రాసిన బటన్ చూడండి. దాని లైటు వెలుగుతుంటే కంప్రెసర్ ఆగినట్టే, వచ్చేది ఉత్త ఫ్యాను గాలే. మళ్లీ నొక్కితే లైటు ఆరి చల్లగాలి మొదలవుతుంది.

కొన్ని ఆటోమేటిక్ మోడళ్లలో గేరు రాడ్ పక్కన 'ఎస్', 'డబ్ల్యూ' స్విచ్ ఉంటుంది. డబ్ల్యూ చలిదేశాల మంచు రోడ్ల కోసం పెట్టింది. బండి రెండో గేరులో బయల్దేరుతుంది కాబట్టి చక్రం జారడం తగ్గుతుంది. మనకు మంచు లేకపోయినా వానకు తడిసిన నల్లరేగడి డొంక ఉందిగా! అక్కడ పనికొస్తుంది. హైవే ఎక్కాక ఎస్‌కి మార్చండి.

డీజిల్ బండిలో తాళం తిప్పగానే తీగచుట్ట బొమ్మతో పసుపు లైటు వెలుగుతుంది. అది ఆరాకే స్టార్ట్ చేయాలి. తలుపు మీద సీటు ఆకారంలో ఉన్న స్విచ్‌లో ఏ భాగం కదిపితే సీటులో ఆ భాగమే కదులుతుంది.

కంపెనీ ఇచ్చిన పుస్తకం పాత ఓనర్‌ని అడిగి తీసుకోండి. బేరం ఖాయం చేసుకునే ముందు ప్రతి స్విచ్చీ నొక్కి చూడండి.